పొగలో మగ్గిన మాంసం

మన భాషలో పొగకు మంచి పేరు లేదు. పప్పు పొగచూరిందంటే ఆ పూట అన్నం సయించదు. పాలకు పొగవాసన పట్టిందంటే కాఫీ పెట్టిన వారికి మాట దక్కుతుంది. ఒకాయనకు పొగబెడుతున్నారంటే ఆయన్ని ఉద్యోగం నుంచో, ఉమ్మడి ఇంటి నుంచో సాగనంపే ఏర్పాట్లు జరుగుతున్నాయని అర్థం. పొగను మనం ఆదరంగా పిలిచే సందర్భాలు తక్కువ. ఒకటి సాంబ్రాణి ధూపం. రెండోది అరటి గెల. గెలల్ని గదిలోనో గోతిలోనో పేర్చి, పొగబెట్టి, గాలి ఆడకుండా మూసేస్తే రెండు మూడు రోజుల్లో కాయ పండుతుంది. పొగలో ఉండే ఇథిలీన్ అనే వాయువు చేసే పని అది. ఆ పనికి మన వాళ్ళు పెట్టుకున్న పేరు మగ్గవేయడం.

మాంసాన్ని మూత కింద, తక్కువ వేడిమీద, కట్టెపొగలో గంటల తరబడి ఉంచి వండే పద్ధతిని ఇంగ్లీషులో స్మోకింగ్ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలి? పొగతాగించడం అంటే నవ్వులాట అవుతుంది. కాల్చడం అంటే సరిపోదు, మంట తగలదు కనుక. ఉడికించడం అసలే కాదు. "పొగలో మగ్గపెట్టడం" అంటే అర్థం చక్కగా ఇముడుతుందని నాకు అనిపిస్తుంది. మగ్గడం అన్న మాటలో మూత, మందమైన వేడి, ఓపిక మూడూ ఉన్నాయి.

న్యూజిలాండ్ లో చాలా ఇళ్ళ వెనకాల చెక్క అరుగు మీద గ్యాస్ బార్బెక్యూ ఒకటి ఉంటుంది. మనవాళ్ళు దానిమీద చికెన్ ముక్కలు, మొక్కజొన్న పొత్తులు, పనీరు కాలుస్తారు. అదే పొయ్యితో పొగవంట కూడా చేయవచ్చునని చాలామందికి తెలియదు. చేసిన వాళ్ళ ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "లోపల ఎర్రగా ఉందేమిటండీ, పచ్చిగా లేదు కదా?" ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలియకపోతే నష్టం రెండు వైపులా ఉంది. బాగా ఉడికిన మాంసాన్ని పచ్చిదనుకుని పారేసేవారున్నారు. పచ్చిగా ఉన్నదాన్ని పొగరంగు అనుకుని పిల్లలకు పెట్టేసే ప్రమాదమూ ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ప్రశ్నకోసం.

పాత అవసరం, కొత్త రుచి

పొగవంట మొదట రుచికోసం పుట్టలేదు, నిలవకోసం పుట్టింది. ఉప్పు నీటిని లాగేస్తుంది, వేడిగాలి ఆరబెడుతుంది, పొగలోని ఆమ్లాలు, ఫీనాల్ జాతి పదార్థాలు సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి, కొవ్వు ముక్కవాసన రాకుండా కాపాడతాయి. మావోరీలు మలుగుపాము లాంటి ఈల్ చేపను చీల్చి, వేలాడదీసి, ఆరబెట్టి దాచుకునేవారు. ఆ చేపకు వారి భాషలో పేరు "తునా". డబ్బాల్లో దొరికే ట్యూనాకూ దీనికీ సంబంధం లేదు. దక్షిణ తీరాన తీతీ పక్షుల్ని వాటి కొవ్వులోనే వేసి, సముద్రపు నాచుతో చేసిన పోహా అనే సంచుల్లో భద్రపరిచేవారు. హాంగీ మాత్రం వేరే రకం. గోతిలో కాలిన రాళ్ళ మీద తిండిని పెట్టి మట్టి కప్పి, ఆవిరితో మగ్గపెట్టడం అది. ఫిజీ నుంచి వచ్చి ఆక్లండ్ లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు దీని తోబుట్టువు "లోవో"ను బాగా ఎరుగుదురు.

మన ఊళ్ళలో కట్టెపొయ్యికి పైనున్న అటక ఇలాంటి కొట్టే. విత్తనానికి ఉంచిన మొక్కజొన్న పొత్తులు అక్కడ వేలాడేవి, పొగకు పురుగు పట్టేది కాదు. మాంసాన్ని పొడుగు పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టి దాచుకున్న ఒట్టితునకల రుచి తెలంగాణ పల్లెల్లో పెరిగిన వారికి తెలుసు. ఇక హైదరాబాదు వంటవాళ్ళు ఎర్రటి బొగ్గు మీద చెంచాడు నెయ్యి వేసి, గిన్నె మూసి, కూరకు నిమిషంపాటు పొగబెట్టే దుంగార్ పద్ధతి అచ్చంగా రుచికోసమే.

నిలవ చేసే అవసరం తీరిపోవడంలో న్యూజిలాండ్ కు పెద్ద పాత్రే ఉంది. 1882 ఫిబ్రవరి 15న "డునెడిన్" అనే తెరచాప ఓడ గడ్డకట్టించిన గొర్రెమాంసంతో పోర్ట్ చామర్స్ నుంచి బయలుదేరి, మే నెలలో లండన్ చేరింది. శీతలీకరణతో మాంసం భూగోళం అవతలికి వెళ్ళగలదని తేలింది. నూరేళ్ళు తిరిగేసరికి, 1982లో, ఈ దేశంలో గొర్రెల సంఖ్య 7 కోట్లు దాటింది. ఇప్పుడు అందులో సగం కూడా లేవు. ఫ్రిజ్ వచ్చాక పొగ పని నిలవ చేయడం కాదు, రుచి ఇవ్వడం. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో మనం చేసే పొగమాంసం నిలవ సరుకు కాదు. తిన్నంత తిని, మిగిలింది ఫ్రిజ్ లో పెట్టవలసిందే.

పొగలో ఏముంది?

ఎండుకట్టెలో ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి: సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్. మొదటి రెండూ చక్కెర అణువుల గొలుసులు. అవి చితికినప్పుడు తియ్యటి, మాడుచక్కెర వాసనలు వస్తాయి, మాంసానికి పట్టే బంగారు రంగూ వాటివల్లే. కట్టెకు గట్టితనం ఇచ్చేది లిగ్నిన్. అది సుమారు 300, 400 డిగ్రీల మధ్య విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాల్ని ఇస్తుంది. మనం పొగరుచి అనుకునేది ముఖ్యంగా ఈ రెంటినే. లవంగంలోని యూజినాల్ కు గ్వాయకాల్ దగ్గరి చుట్టం. పొగమాంసంలో లవంగం వేయకపోయినా వేసినట్టు అనిపించడానికి కారణం ఈ చుట్టరికమే.

ఈ దేశంలో పొగకట్టె అంటే మానుకా. తేనెతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న చెట్టు ఇదే. కెప్టెన్ కుక్ నావికులు దీని ఆకులతో తేనీరు కాచుకున్నారు కనుక దీనికి టీ చెట్టు అన్న పేరూ వచ్చింది. వృక్షశాస్త్రం ప్రకారం ఇది మన జామ, నేరేడు, లవంగాల కుటుంబానికి చెందినది. ఇక్కడ పెరళ్ళలో కంచెగా పెంచే ఫీజోవా కూడా ఆ కుటుంబమే. కొమ్మలు కత్తిరించినప్పుడు పారేయకుండా ఏడాదిపాటు నీడన ఆరబెడితే అవీ పనికొస్తాయి. ఆపిల్, ప్లమ్ లాంటి పండ్లచెట్ల కట్టె మంచిది. పైన్ లాంటి జిగురు కారే కట్టె వద్దు, మసి, చేదు రెండూ అంటుకుంటాయి.

కట్టె విషయంలో ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. అరుగులకూ కంచెలకూ వాడే పైన్ చెక్క ఇక్కడ చాలావరకు మందు పట్టించినది. పుచ్చిపోకుండా అందులోకి రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు ఎక్కిస్తారు. ఆర్సెనిక్ అంటే మన పాషాణమే. కాలిస్తే అది పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. కంచె బాగుచేయగా మిగిలిన ముక్కలు ఎంత ఎండినవైనా పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. పాతబడితే ఆ పచ్చఛాయ కూడా వెలిసిపోతుంది, కంటితో గుర్తుపట్టలేం. ఏ చెట్టుదో తెలియని చెక్కను వాడకపోవడమే నియమం.

పొయ్యి అమరిక

ఎల్.పి.జి. చాలా శుభ్రంగా మండుతుంది. బొగ్గుపుల్లయినా లేని మంట నుంచి వచ్చేది బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, అంతే. కాబట్టి గ్యాస్ పొయ్యి వేడిని మాత్రమే ఇస్తుంది, పొగను మనం వేరుగా పుట్టించాలి. ఇది లోపంలా కనిపించినా నిజానికి సదుపాయం. వేడి ఒక చేతిలో, పొగ ఒక చేతిలో ఉంటాయి.

మూత ఉండి, కనీసం రెండు మూడు బర్నర్లున్న పొయ్యి కావాలి. ఒక చివరి బర్నరు మాత్రమే వెలిగించాలి. మాంసం రెండో చివర, మంటలేని వైపు ఉండాలి. దాని కింద ఒక రేకు పళ్ళెం పెట్టి కాసిని నీళ్ళు పోస్తే కారిన కొవ్వు అందులో పడుతుంది, మంట అంటుకోదు. రెండు గుప్పిళ్ళ ఎండు కట్టెపేళ్ళను అల్యూమినియం రేకులో పొట్లం కట్టి, పైన నాలుగైదు కన్నాలు పొడిచి, వెలుగుతున్న బర్నరు మీద పెట్టాలి. కన్నాల్లోంచి పొగ రావడం మొదలయ్యాక మంట తగ్గించి మాంసం పెట్టాలి. పొట్లం అరగంట, ముప్పావుగంట వస్తుంది. అయిపోతే ఇంకొకటి.

పేళ్ళను ముందు నానబెట్టమని చాలామంది చెబుతారు. నాకు అందులో ఉపయోగం కనబడదు. తడి ఆరేదాకా కట్టె 100 డిగ్రీలు దాటదు, 100 డిగ్రీల దగ్గర పొగ పుట్టదు. ముందు వచ్చేది ఉత్త ఆవిరి. పొట్లం కట్టడంవల్ల గాలి తక్కువగా అంది, కట్టె భగ్గుమనకుండా కునుకుతుంది. మనకు కావలసింది అదే. పలచగా, నీలిఛాయలో ఉన్న పొగ మంచిది. దట్టమైన తెల్లపొగ చాలాసేపు పడితే మాంసం చేదెక్కుతుంది.

లోపలి వేడి 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. మూతకున్న గడియారం లాంటి ముల్లు మూత దగ్గరి వేడిని చూపిస్తుంది, మాంసం పక్కనున్న వేడిని కాదు. ఇనుపచువ్వల మీద ఒకటి, మాంసంలో గుచ్చడానికి ఒకటి, రెండు ఉష్ణమాపకాలుంటే నిశ్చింత. ఖర్చు గురించి భయపడనక్కరలేదు. 9 కిలోల సిలిండరులో సుమారు 440 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. సాధారణమైన బర్నరు పూర్తిగా తెరిస్తే గంటకు 12 మెగాజౌళ్ళ ప్రాంతంలో తాగుతుంది. సగానికి తగ్గించి ఆరు గంటలు వండితే ఖర్చయ్యేది ముప్పాతిక కిలో గ్యాసు.

గొర్రె జబ్బ

మొదటిసారి చేసేవారికి ఎముకతో ఉన్న గొర్రె జబ్బ మంచిది. కొవ్వూ, బంధన కణజాలమూ దండిగా ఉంటాయి కనుక కొద్దిగా అటూఇటూ అయినా ఎండిపోదు. రెండు కిలోల జబ్బకు 30 గ్రాముల ఉప్పు, దానికి తోడు కారం, మిరియాలు, ధనియాల పొడి, జీలకర్ర, అల్లం వెల్లుల్లి. ముందురోజు రాత్రి పట్టించి ఫ్రిజ్ లో ఉంచాలి. పొగ ఎక్కువగా పట్టేది మాంసం పైభాగం చల్లగా, చెమ్మగా ఉన్నప్పుడే. అందుకని మొదటి రెండు మూడు గంటలు పొగబెడితే చాలు. తర్వాతంతా వేడి పనే.

మాంసం లోపలి వేడి 65, 70 డిగ్రీల దాకా చురుగ్గా పెరిగి అక్కడ ఆగిపోతుంది. గంట గడిచినా ముల్లు కదలదు. గ్యాస్ అయిపోయిందేమోనని కొత్తవారు కంగారుపడి మంట పెంచేస్తారు. జరుగుతున్నది వేరు. వేసవిలో మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మాంసమూ అలాగే చెమర్చి, పొయ్యి ఇస్తున్న వేడిని ఆవిరిగా వదిలేస్తుంది. చెమ్మ తగ్గాక మళ్ళీ వేడెక్కుతుంది. తొందరగా ఉంటే అప్పుడు రేకులో గట్టిగా చుట్టేస్తే చెమ్మ ఆవిరవడం ఆగి, వేడి ముందుకు సాగుతుంది.

లోపల 92 నుంచి 95 డిగ్రీలు వచ్చేదాకా ఉంచాలి. గొర్రె 70 డిగ్రీలకే ఉడుకుతుంది కదా, ఇంత ఎందుకు? అప్పటికి ఉడుకుతుంది కాని మెత్తబడదు. గట్టి నరాల్లాంటి కొలాజెన్ నెమ్మదిగా కరిగి జిగురుగా మారడానికి వేడితోపాటు కాలం కావాలి. కాళ్ళపులుసు రాత్రంతా కాస్తే చేతులకు అంటుకునే జిగురు వస్తుందే, అదే ఇది. మొత్తం ఐదారు గంటలు పడుతుంది. దించాక అరగంటైనా కదపకుండా ఉంచితే, ఎముక చేత్తో లాగితే ఊడివస్తుంది.

ఎరుపు సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. కట్టె, గ్యాసు మండేటప్పుడు నైట్రోజన్ ఆక్సైడులు కొద్దిగా పుడతాయి. కునికే కట్టె నుంచి కార్బన్ మోనాక్సైడు కూడా వస్తుంది. ఇవి మాంసపు చెమ్మలో కరిగి, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ ను అంటిపెట్టుకుంటాయి. మామూలుగా వేడికి గోధుమరంగుకు మారవలసిన మయోగ్లోబిన్, ఇవి పట్టుకున్నందువల్ల గులాబీరంగులోనే స్థిరపడిపోతుంది. అంచు నుంచి కొద్ది మందాన కనిపించే గులాబీ వలయం ఇదే. కోడిమాంసంలో కూడా వస్తుంది. కాబట్టి పొగవంటలో రంగు సాక్ష్యం చెల్లదు. ఎర్రగా ఉంటే పచ్చి అనీ చెప్పలేం, తెల్లగా ఉంటే ఉడికిందనీ చెప్పలేం. చెల్లే సాక్ష్యం ఉష్ణమాపకం ఒక్కటే. కోడికి అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 75 డిగ్రీలు చూపించాలి.

కోడి విషయంలో ఈ పట్టుదలకు కారణం ఉంది. 2006లో న్యూజిలాండ్ లో 15 వేలకు పైగా కాంపిలోబాక్టర్ కేసులు నమోదయ్యాయి. వాటికి ప్రధాన కారణం కోడిమాంసమే. ఆ తర్వాత కోళ్ళ పరిశ్రమలో తెచ్చిన నిబంధనలతో రెండేళ్ళలో సంఖ్య సగానికి పడిపోయినా సమస్య పూర్తిగా పోలేదు. కోడిని పసుపూ ఉప్పూ వేసి కుళాయి కింద నాలుగుసార్లు కడగడం మన అలవాటు. ఇక్కడి ఆహారభద్రతా శాఖ కడగవద్దంటుంది. కడిగితే క్రిములు పోవు, చిందిన తుంపరలతో గట్టుమీదున్న కొత్తిమీర దాకా చేరతాయి. ఆ క్రిముల్ని చంపేది వేడి. కోడిని 110 డిగ్రీల దగ్గరే చివరిదాకా ఉంచితే చర్మం రబ్బరులా సాగుతుంది. ఆఖరి అరగంట 170 దాకా పెంచితే ఆ ఇబ్బందీ ఉండదు.

చేప, ఎండుచేపల బెంగ

మన దేశం నుంచి ఎండుచేపలు తెచ్చుకోవడం ఇక్కడ తేలిక కాదు. తినేవస్తువు ఏది తెచ్చినా విమానాశ్రయంలో చెప్పి తీరాలి, చెప్పకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఆ బెంగను కొంత తీర్చేది పొగబెట్టిన కహవాయి. తీరమంతటా దొరికే చవక చేప ఇది. ముక్కలకు ఉప్పు, బెల్లం తురుము పట్టించి రెండు గంటలుంచి, తుడిచి, ఆరనిచ్చి, 100 డిగ్రీల దగ్గర మానుకా పొగలో ముప్పావుగంట, గంట ఉంచితే రేకులుగా విడిపోతుంది. దాన్ని వంకాయ పులుసులో ఆఖర్న వేసి చూడండి. ఎండుచేప రుచి అచ్చంగా రాదు కాని, నాలుక మరీ పరాయిదనుకోదు. ఇక ట్రౌట్ చేపను ఈ దేశంలో కొనడం, అమ్మడం చట్టరీత్యా కుదరదు. పట్టినవారే తినాలి, పంచాలి. అందుకని టౌపో సరస్సు వైపు ఇంటి పొగపెట్టెకు గౌరవం ఎక్కువ.

కహవాయితో ఒక జాగ్రత్త. పట్టిన వెంటనే మంచులో పెట్టకపోతే దాని కండలో హిస్టమిన్ పెరుగుతుంది. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ పొగకూ పోదు, వేడికీ పోదు. ఎండలో రెండు గంటలు బకెట్లో ఉన్న చేపను ఏ వంటా బాగుచేయలేదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా వేడిపొగ. 30 డిగ్రీలకు లోపున పొగబెట్టే చల్లపొగ పద్ధతి వేరు, అది ఇంట్లో చేయదగినది కాదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా సూక్ష్మజీవులకు పండగ. 1992లో ఆక్లండ్ లో పొగబెట్టిన ఆల్చిప్పల ద్వారా లిస్టీరియా సోకిన ఉదంతం వైద్యపత్రికలకెక్కింది. లిస్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది, గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకే ప్రమాదం. చల్లారిన పొగచేపను గర్భిణులకు పెట్టకూడదు, పొగలు కక్కేలా మళ్ళీ వేడిచేసి పెట్టవచ్చు. నలుగురూ కలిసే విందుకు పట్టుకెళ్ళినప్పుడు ఆ గిన్నెలో ఏముందో పైకి చెప్పడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

పొయ్యి దగ్గర

వాన వస్తోందని బార్బెక్యూని గరాజు లోపలికి తోసే ఆలోచన ఎవరికైనా వస్తుంది. రాకూడదు. కునికే కట్టె కార్బన్ మోనాక్సైడుకు పుట్టిల్లు. దానికి రంగూ వాసనా ఉండవు. గరాజు తలుపు పైకెత్తి ఉన్నా చాలదు. వెల్లింగ్టన్ లాంటి ఊళ్ళలో గాలికి చిన్నమంట తరచు ఆరిపోతుంది. అప్పుడు గ్యాసు మూత కింద పోగవుతుంది. వెంటనే మీట నొక్కితే పేలవచ్చు. ముందు గ్యాసు కట్టి, మూత తెరిచి, ఐదు నిమిషాలు ఆగి, మూత తెరిచే ఉంచి వెలిగించాలి. గొట్టం మీద సబ్బునీళ్ళు రాస్తే కారుడు బుడగలై కనిపిస్తుంది. సిలిండరు మీద ముద్రించిన పరీక్ష తేదీకి పదేళ్ళు దాటితే నింపరు, మళ్ళీ పరీక్ష చేయించాలి.

ఆరోగ్యం మాట కూడా దాచకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో, పొగబెట్టడం వంటి పద్ధతుల్లో నిలవచేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కొవ్వు నిప్పుమీద పడి మండినప్పుడు బెంజోపైరీన్ వంటివి పుట్టి మాంసానికి అంటుకుంటాయి. మంట ఒక వైపు, మాంసం ఒక వైపు ఉన్న అమరికలో ఇది తగ్గుతుంది, పూర్తిగా పోదు. కనుక ఇది పండగవంట, వారపు వంట కాదు.

ఆరుగంటల వంటకు ఇంకో గుణం ఉంది. దాన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళలేం, అలాగని చేతినిండా పనీ ఉండదు. అరుగుమీద నాలుగు కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సాకు ఈ దేశంలో నాకింకా దొరకలేదు. మాంసంలో గుచ్చే ఉష్ణమాపకం మాత్రం కొనకుండా మొదలుపెట్టకండి. ఇరవై ముప్పై డాలర్ల వస్తువు. "పచ్చిగా లేదు కదా?" అని అతిథి అడిగినప్పుడు ముఖం చిన్నబుచ్చుకోకుండా, తీసి చూపించి, ముక్క వడ్డించవచ్చు.